ప్రాజెక్టు, రిఫ్లెక్టివ్ జర్నల్: పాత ఫైలు కాపీ కొట్టకుండా ఎట్లా చేయాలి?

చివరి_ఏడాది_సిస్టర్ | అనంతపురం | సోమవారం, రాత్రి 9:40

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం. నాది బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది. కమ్యూనిటీ పోస్టింగ్ అనంతపురం నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక పీహెచ్‌సీలో పడింది. ఇది ముగిసేలోగా రెండు పనులు అప్పజెప్పాలి. ఐదుగురం కలిసి ఒక రీసెర్చ్ ప్రాజెక్టు, ఎవరికి వాళ్లం ఒక రిఫ్లెక్టివ్ జర్నల్, అంటే పనిలో జరిగినదాన్ని వెనక్కి చూసుకొని రాసే నోటుబుక్కు. సీనియర్లు పోయినేడాదివి రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి "ఊరి పేరు మార్చుకోండి, చాలు" అన్నారు. నాకు మనసొప్పలేదు. కారణం చెప్తాను.

పోయిన గురువారం ఒకామె చెకప్‌కు వచ్చింది. ఆరో నెల. హిమోగ్లోబిన్ 8.2. "మాత్రలు వేసుకుంటున్నావా?" అంటే తల ఊపింది. "వేసుకుంటే ఇంత తక్కువ ఎట్లుంటుంది? అబద్ధం చెప్తే నీకే నష్టం" అని లైన్లో ఉన్న అందరి ముందరా గట్టిగా అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. కొంగు సర్దుకొని వెళ్లిపోయింది. శనివారం ఆశా అక్కతో వాళ్లింటికి పోయాం. ఎర్ర మాత్రల షీట్లు గూట్లో ఉన్నాయి. ఒకదాంట్లో నాలుగు మాత్రలు మాత్రమే ఖాళీ. అడిగితే వాళ్లత్త చెప్పింది: నాలుగు రోజులు వేసుకుందట, దొడ్డికి నల్లగా అయిందట, లోపల బిడ్డకేదో అవుతోందని భయపడి ఆపేసిందట. ఐరన్ మాత్ర వేసుకుంటే మలం నల్లబడుతుంది, భయం లేదు అని మేం ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పలేదు. ఆ రోజు నేనే ఇచ్చాను కూడా.

మా ప్రాజెక్టుకు ఇచ్చిన టాపిక్ "గర్భిణుల్లో రక్తహీనతపై అవగాహన". ఇప్పుడా టాపిక్ చూస్తే నాకు సిగ్గుగా ఉంది. అవగాహన లేనిది ఎవరికి? జర్నల్లో ఈ సంగతి రాయాలా? రాస్తే ఎట్లా రాయాలి? ప్రాజెక్టు ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పశ్చిమ_కర్నూలు_ఏఎన్ఎం | సోమవారం, రాత్రి 10:25

అమ్మా, 17 ఏండ్ల నుంచి ఈ పనిలో ఉండా. నువ్వన్న మాట నేనూ ఎన్నోసార్లు అనినాను. బాధపడింది చాలు, పని చూద్దాం.

మొదట ఆ ప్రశ్న మార్చుకో. "మాత్రలు వేసుకుంటాండావా?" అంటే ఎవరూ లేదనరు. నర్సమ్మ అడిగితే ఊ అనాల్సిందే అని వాళ్లకు తెలుసు. నేనిప్పుడు అట్ల అడగను. "నిన్న వేసుకున్న్యావా? ఏ పొద్దు వేసుకున్న్యావు? తిన్నంక ఎట్లుండింది?" అంటాను. వేసుకున్నోళ్లు టక్కున చెప్తారు, వేసుకోనోళ్లు ఆలోచిస్తారు. ఆ ఆలోచించే అరనిమిషంలో నేను ముందుగానే అంటాను: "శానామందికి కడుపులో తిప్పుతాది, కొందరికి మలబద్ధకం అయితాది, నీకేమన్నా అయ్యిందా?" అని. అప్పుడు నోరు విప్పుతారు. ఖాళీ షీట్లు పారేయొద్దు, వచ్చేటప్పుడు తెమ్మంటాను.

ఇంకో సంగతి. మా కోసిగి, మంత్రాలయం దిక్కు మిరప కోతలప్పుడు ఊర్లకు ఊర్లు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనికి వలస, పోతాయి. కడుపుతో ఉన్నోళ్లూ పోతారు. నువ్వు ఆ నెలల్లో సర్వే చేస్తే ఇంటికాడ ఉన్నోళ్లే నీ లెక్కలోకొస్తారు. ఎవరికి ఎక్కువ కష్టమో వాళ్లు నీ కాగితంలో ఉండరు. మీ పక్క బెంగళూరుకు పోతారు కదా, అది చూసుకో.

కడప_కమ్యూనిటీ_మెడిసిన్ | మంగళవారం, ఉదయం 6:50

సిస్టర్, మీరు జర్నల్లో మొదటి పేజీ ఇక్కడే రాసేశారు. దాన్నే ముందుకు తీసుకెళ్దాం.

జరిగినదాన్ని వెనక్కి చూసుకోవడానికి గ్రాహం గిబ్స్ 1988లో ఇచ్చిన చక్రం మీకు క్లాసులో చెప్పి ఉంటారు. ఏం జరిగింది, అప్పుడు నాకేమనిపించింది, అందులో మంచేది చెడేది, ఎందుకట్లా జరిగింది, ఇంకేం చేసి ఉండొచ్చు, ఈసారి ఏం చేస్తాను. ఈ ఆరు మెట్లలో విద్యార్థులు మొదటి రెండింటికే మూడు పేజీలు రాసి, చివరిదానికి "ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అని ఒక వాక్యంతో ముగిస్తారు. నాలుగో మెట్టు, ఎందుకట్లా జరిగింది అన్నది, దాటేస్తారు. జర్నల్ ప్రాణం అక్కడుంది.

మీ సంగతే తీసుకోండి. మాట చెప్పకపోవడం మీ ఒక్కరి నిర్లక్ష్యమా? మాత్రలు ఇచ్చే బల్ల దగ్గర ఆ రోజు ఎంతమంది నిలబడ్డారు? ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు దక్కాయి? మలం నల్లబడుతుందని చెప్పే బాధ్యత ఎవరిదని ఆ పీహెచ్‌సీలో అనుకుంటున్నారు? డాక్టరు నర్సు చెప్తుందనుకుంటారు, నర్సు ఫార్మసిస్టు చెప్తాడనుకుంటుంది, ఫార్మసిస్టు ఆశా చెప్తుందనుకుంటాడు. ఇది మీరు కళ్లతో చూసి రాయగలిగినది. మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ రాసే పది పేజీల కన్నా ఈ అరపేజీ విలువైనది.

ఆరూ గుర్తుంచుకోవడం కష్టమైతే మూడు ప్రశ్నలు పెట్టుకోండి: ఏం జరిగింది? అయితే ఏమిటి? ఇప్పుడేం చేయాలి? డ్యూటీ మధ్యలో ఇవే పనికొస్తాయి. పని జరుగుతుండగానే ఆలోచించి దారి మార్చుకోవడం ఒకటి, అయిపోయాక వెనక్కి చూసుకోవడం ఒకటి అని డొనాల్డ్ షోన్ 1983లో విడదీసి చెప్పాడు. పైన ఏఎన్ఎం గారు అరనిమిషం మౌనం చూసి ప్రశ్న మారుస్తున్నానన్నారు చూశారా, అది మొదటి రకం. ఆమె దానికి పేరు పెట్టుకోలేదు, అంతే.

ఇక టాపిక్. "అవగాహన" అన్న మాట పెట్టగానే తప్పు జనానిదే అని ముందే తేల్చేసినట్టు అవుతుంది. దాన్ని ప్రశ్నగా మార్చండి: మా పీహెచ్‌సీ పరిధిలో గర్భిణులు ఐరన్ మాత్రలు ఎంతవరకు వేసుకుంటున్నారు, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు, మాత్ర ఇచ్చేటప్పుడు వాళ్లకు ఏం చెప్పారు?

రాత్రిడ్యూటీ_స్టాఫ్‌నర్స్ | కర్నూలు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. కానీ నా అనుమానం కూడా వినండి. వార్డులో రాత్రిపూట ఇద్దరం, మంచాలు నిండి కింద కూడా పరుపులు. రాయాల్సిన రిజిస్టర్లే తెల్లారేదాకా తెమలవు. దాని మీద ఈ జర్నల్ ఎప్పుడు రాయాలి? రెండో భయం ఇంకా పెద్దది. "నేను చెప్పలేదు, నా తప్పు" అని సంతకం పెట్టి కాగితం మీద రాసిస్తే, రేపు ఆ పేషెంటుకు ఏదైనా అయితే ఆ కాగితం ఎవరి మెడకు చుట్టుకుంటుంది? చిన్న పిల్లలకు నిజాయితీగా రాయమని చెప్పే ముందు, రాసినవాళ్లను కాపాడేదెవరో కూడా చెప్పాలి కదా.

ఎంఎస్‌డబ్ల్యూ_ధర్మవరం | మంగళవారం, సాయంత్రం 7:30

రాత్రిడ్యూటీ అక్కా, మీ భయం న్యాయమైనదే. నేను సోషల్ వర్క్ చదివి ఇప్పుడు వృద్ధులతో పనిచేస్తున్నాను. మాకు మా సార్ మొదటి రోజే చెప్పిన నియమం ఇది: పేషెంటుకు జరిగినది, ఇచ్చిన మందు, జరిగిన పొరపాటు, ఇవన్నీ కేస్ షీటులోకి, ఇన్‌ఛార్జికి అప్పుడే చెప్పాలి. జర్నల్ దానికి బదులు కాదు. దాచుకునే చోటూ కాదు. జర్నల్లో ఊరు, పేరు, ఇంటి గుర్తు, తేదీ ఏవీ ఉండకూడదు. చిన్న ఊర్లో "ఆరో నెల, భర్త లారీ డ్రైవర్, మూడో కాన్పు" అని రాస్తే పేరు లేకపోయినా అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆ వివరాలు కూడా వదిలేయాలి.

సిస్టర్, నేను పేజీని నిలువునా రెండు భాగాలు చేసుకుంటాను. ఎడమవైపు నేను చూసింది, విన్నది. కుడివైపు నేను అనుకున్నది. ఈ అలవాటు ఎట్లా వచ్చిందో చెప్తాను. ఒక ఊర్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ. ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది, పక్కింటివాళ్లు సంగటి ముద్ద ఇస్తే తింటోంది. నేను కేస్ రికార్డులో "కొడుకు పట్టించుకోడు" అని రాసేశాను. ఆ మాట అట్లాగే పై ఆఫీసుదాకా పోయింది. మూడు నెలల తర్వాత తెలిసింది, కొడుకు బెంగళూరులో కట్టడం పనికి పోయి నెలనెలా పక్కింటివాళ్ల ఫోన్‌కే డబ్బు పంపుతున్నాడు. ఆ సంగటి ఆ డబ్బుతోనే. నేను చూసింది చల్లారిన పొయ్యి. "పట్టించుకోడు" అన్నది నా ఊహ. ఆ ఊహ నా చేతిరాతతో ఒక మనిషి పేరుకు మచ్చ తెచ్చింది. ఆ కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు నా ముందు కూర్చొని "సార్, ఒక్కసారి ఫోన్ చేసి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు.

మీ గురువారం సంగతిలో కూడా చూడండి. తల ఊపింది: చూసింది. అబద్ధం చెప్తోంది: అనుకున్నది.

కడప_గ్రంథపాలకుడు | మంగళవారం, రాత్రి 9:05

అమ్మా, పాత పరిశోధనలు వెతకడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మా ఊరి సంగతి ఒకటి ముందు. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన బ్రౌన్ దొర బంగళా ఉన్నచోటే ఈనాటి సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఆయన ఒక పద్యానికి ఒక తాళపత్ర ప్రతి దొరికితే దాంతో ఆగలేదు. దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో పోల్చి చూయించాడు. మీరు లిటరేచర్ రివ్యూ అంటున్నది ఆ పనే. మొదట దొరికిన వ్యాసాన్ని పట్టుకొని "పరిశోధనలు చెబుతున్నాయి" అని రాయొద్దు.

గూగుల్‌లో పూర్తి వాక్యం కొడితే కోచింగ్ సెంటర్ల నోట్సు వస్తాయి. ప్రశ్నను ముక్కలు చేయండి: ఎవరు, ఏ విషయం, ఏం తేలాలి. మీకైతే ప్రెగ్నెన్సీ, ఐరన్, అడ్హెరెన్స్ (మందు చెప్పినట్టు వేసుకోవడం). ఒక్కోదానికి మారుపేర్లు రాసుకోండి. అడ్హెరెన్స్ అనేదాన్ని కొందరు కంప్లయన్స్ అంటారు. మారుపేర్ల మధ్య ఆర్ (OR), వేర్వేరు ముక్కల మధ్య అండ్ (AND) పెట్టి, వైద్య వ్యాసాలు వెతికే వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో వెతకండి. సారాంశాలన్నీ ఉచితం, పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉన్నవి మొత్తం చదవొచ్చు. ఒక విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి తూచే కొక్రేన్ సమీక్షలకు తేలిక భాషలో సారాంశం ఉంటుంది, అది ముందు చదివితే మిగతాది అర్థమవుతుంది. మీది ప్రభుత్వ కాలేజీ అయితే పరిశోధన పత్రికలు చదవడానికి 2025 జనవరిలో మొదలైన కేంద్ర పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కిందికి మీ కాలేజీ వస్తుందేమో లైబ్రరీలో అడగండి. మీరు ఏ మాటలతో ఏ రోజు వెతికారో నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. వైవాలో అడుగుతారు.

లెక్కలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. కానీ అందులో జిల్లా అంకెలు పాత 13 జిల్లాలవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. ఆ సర్వేలో అనంతపురం అంటే హిందూపురం, పుట్టపర్తి కలిపి. ఈనాటి అనంతపురం జిల్లాకు ఆ అంకెను అట్లాగే అంటించకండి. పైగా ఆ సర్వేలో వేలి కొన నుంచి తీసిన రక్తంతో పరీక్ష చేశారు. నరం నుంచి తీసిన రక్తంతో పోలిస్తే ఫలితం తేడా వస్తుంది. మీ పీహెచ్‌సీలో ఏ పద్ధతో తప్పకుండా రాయండి.

చివరి_ఏడాది_సిస్టర్ | బుధవారం, రాత్రి 8:10

ఇవన్నీ ప్రింటు తీసుకొని మా గ్రూపులో చదివాం. కాపీకి సరే అన్న ఇద్దరు కూడా ఇప్పుడు మాతో ఉన్నారు. గైడ్ మేడమ్ కొత్త ప్రశ్నకు ఒప్పుకున్నారు. పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి పెట్టాలన్నారు. రెండు సందేహాలు. ఎంతమందిని అడగాలి? మా పరిధిలో 18 నిండని గర్భిణులు కూడా ఉన్నారని ఆశా అక్క చెప్పింది, వాళ్లను కలుపుకోవచ్చా?

కడప_కమ్యూనిటీ_మెడిసిన్ | బుధవారం, రాత్రి 9:35

ఎంతమంది అనేదానికి తేలిక సూత్రం ఉంది. నాలుగు పెట్టి, మాత్రలు వేసుకుంటున్నవాళ్ల శాతాన్ని, వందలో మిగిలిన శాతాన్ని గుణించి, మీరు ఒప్పుకోగల తేడా వర్గంతో భాగించాలి. మీలాంటి చోట ముందు చేసిన అధ్యయనం దొరికితే అందులో శాతం వాడండి, లేకపోతే 50 తీసుకోండి. 4×50×50 అంటే 10,000. అటూ ఇటూ 10 శాతం తేడా చాలనుకుంటే 100తో భాగించండి, 100 మంది. తేడా 5 శాతమే ఉండాలంటే 25తో భాగించాలి, 400 మంది. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు. ఐదుగురు విద్యార్థులు మూడు వారాల్లో 400 ఇళ్లు తిరగలేరు. 100 తీసుకొని, మాట్లాడటానికి ఒప్పుకోనివాళ్ల కోసం ఇంకో 10 కలపండి. ఎవరిని అడగాలో మాత్రం చెకప్ రోజు వచ్చినవాళ్లలోంచి తీసుకోకండి. మానేసినవాళ్లు ఆ రోజు రారు. గర్భిణుల నమోదు రిజిస్టరు మొత్తం నుంచి చీటీలు తీయండి. ఊర్లో లేనివాళ్లు ఎందరో, ఎందుకు లేరో అది కూడా లెక్కలో చూపించండి.

రెండోది ఆగి ఆలోచించాల్సిన విషయం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 18 లోపువాళ్లు పాల్గొనాలంటే పెద్దల సమ్మతితో పాటు ఆ పిల్ల ఒప్పుకోలు కూడా ఉండాలి. దానికి తోడు పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ఉంది. విషయం తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాల్సిందే. "మీ వివరాలు ఎవరికీ చెప్పం" అని సమ్మతి పత్రంలో రాసి, తర్వాత ఆ మాట నిలబెట్టుకోలేని స్థితిలో పడతారు. విద్యార్థి ప్రాజెక్టుకు 18 నిండినవాళ్లనే తీసుకోండి. అంతమాత్రాన ఆ పిల్లల్ని వదిలేయమని కాదు. సర్వేలో ఎదురైతే మెడికల్ ఆఫీసర్‌కు, గైడ్ మేడమ్‌కు అదే రోజు చెప్పండి. ఏం చేయాలో ముందే అడిగి ఉంచుకోండి.

చదువు రానివాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు మీ గ్రూపుతో సంబంధం లేని, చదవగలిగిన సాక్షి ఉండాలి. "వద్దంటే ఇక్కడి వైద్యం ఆగదు" అన్న వాక్యం తెలుగులో, గట్టిగా చదివి వినిపించండి. మన ఊర్లలో నర్సమ్మకు కాదని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఆశా_కళ్యాణదుర్గం | గురువారం, ఉదయం 11:20

పాపా, నేను ఫోన్‌లో మాటలు చెప్పి రాయిస్తున్నాను. ఇంటి దారి చూపించడానికి మమ్మల్ని పిలుచుకోండి, వస్తాం. ప్రశ్నలు అడిగేటప్పుడు మాత్రం మమ్మల్ని బయట నిలబడమనండి. మేం పక్కనుంటే "అక్క మాత్రలు ఇచ్చింది, అన్నీ చెప్పింది" అంటారు. మా పేరు పోతుందని వాళ్లు మా కోసం చెప్తారు. అత్త పక్కనున్నా ఇట్లే. ఆ తల్లి దగ్గరికి మాత్రం మళ్లీ పోండి. సర్వే కోసం కాదు, ఊరికే.

రాత్రిడ్యూటీ_స్టాఫ్‌నర్స్ | గురువారం, రాత్రి 11:50

ఎంఎస్‌డబ్ల్యూ తమ్ముడు రాసిన చల్లారిన పొయ్యి రెండు రోజులుగా మనసులో మెదులుతోంది. నాదీ ఒకటి చెప్తాను. ఒక పెద్దామెను డిశ్చార్జ్ చేస్తూ ఇన్సులిన్ ఇచ్చి, "ఫ్రిజ్‌లో పెట్టుకో అమ్మా" అని చెప్పాను. సరే అంది. నెలకు మళ్లీ వచ్చింది, షుగర్ 400 పైన. ఫ్రిజ్ లేదట. ఎండాకాలం, రేకుల ఇల్లు, అలమరలో పెట్టిందట. లేదని ఎందుకు చెప్పలేదంటే "మీరు పనిలో ఉన్నారు కదా తల్లీ" అంది. ఇప్పుడు ముందు "ఇంట్లో ఫ్రిజ్ ఉందా?" అని అడుగుతాను. లేకపోతే చుట్టూ నీళ్లు పోసిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా చిన్న పాత్రలో పెట్టి, మూత వేసి నీడలో ఉంచమని చేసి చూపిస్తాను. ఈ సంగతి ఇప్పటివరకు ఎక్కడా రాయలేదు. నాతో డ్యూటీ చేసే కొత్త పిల్లలకు కూడా తెలియదు. మూడు ప్రశ్నలైతే రాయగలను. రేపటి నుంచి డ్యూటీ డైరీ వెనక పేజీల్లో మొదలుపెడతాను.

చివరి_ఏడాది_సిస్టర్ | ఆదివారం, సాయంత్రం 5:45

ఆమె ఇంటికి పోయాను. ఆశా అక్క బయట వేపచెట్టు కింద కూర్చుంది. "ఆ రోజు అందరి ముందర అట్లా అన్నందుకు తప్పు నాదే అక్కా, మాత్ర ఇచ్చేటప్పుడు నేనే చెప్పి ఉండాల్సింది" అన్నాను. కాసేపు ఊరుకొని, "నాకు చదువు రాదు కదా, చెప్పినా అర్థం కాదనుకున్నారేమో అనుకున్నాను" అంది. అది విని నాకు ఏడుపొచ్చింది. హిమోగ్లోబిన్ 7కు, 10కి మధ్య ఉంటే రోజుకు రెండు మాత్రలని డాక్టర్ గారు ఇదివరకే రాశారు. ఒక్కొక్కటి అన్నం తిన్నాక వేసుకోమని, టీతో కాని కాల్షియం మాత్రతో కాని కలిపి వద్దని, మలం నల్లగా అయినా భయపడొద్దని చెప్పాను. నెలకు మళ్లీ పరీక్ష. అప్పటికి కనీసం 1 గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపాలని డాక్టర్ గారు చెప్పారు.

ప్రశ్నాపత్రాన్ని పక్క ఊర్లో ఐదుగురి దగ్గర పరీక్షించి చూశాం. "మాత్రల వల్ల దుష్ఫలితాలు కలిగాయా?" అన్న ప్రశ్న ఒక్కరికీ అర్థం కాలేదు. ఒకామె "కలిగాయి, ఇద్దరు" అంది, పిల్లల గురించి అనుకొని. దాన్ని "మాత్ర వేసుకున్నాక ఒంట్లో ఏమన్నా తేడా అనిపించిందా?" అని మార్చాం. "రక్తహీనత" తీసేసి "రక్తం తక్కువ" పెట్టాం. ఏఎన్ఎం అక్క చెప్పినట్టు "నిన్న వేసుకున్నారా?" చేర్చాం. మార్చిన ప్రశ్నలు గైడ్ మేడమ్‌కు ఇచ్చాను. ఒకటే సందేహం మిగిలింది. ఈ ఐదుగురి జవాబులు ఆ 100లో కలుపుకోవచ్చా?

కడప_కమ్యూనిటీ_మెడిసిన్ | ఆదివారం, రాత్రి 8:20

కలపకూడదు సిస్టర్. వాళ్లను అడిగిన ప్రశ్నలు వేరు, ఇప్పుడు అడగబోయేవి వేరు. ఆ ఐదు కాగితాలు విడిగా దాచి, ఏ ప్రశ్న ఎందుకు మార్చారో థీసిస్‌లో ఒక పేరా రాయండి. మార్చిన పత్రం ఎథిక్స్ కమిటీకి కూడా మళ్లీ పంపాలి, వాళ్ల దగ్గర పాతది ఉంటుంది.